సగం మూసి చూడండి: చైనా కంచు పాత్రలపై ముఖం



పుస్తకంలో బొమ్మ కనబడగానే పిల్లలు ముందు దాని కింద రాసిన పేరు చదువుతారు. పేరు తెలిసింది కదా అని పేజీ తిప్పేస్తారు. ఈ నెల పాఠంలో ముందు చూడటం, ఆ తర్వాతే పేరు.

ఈ పాత్రలు ఎవరివి?

క్రీ.పూ. సుమారు 1600 నుంచి 1046 వరకు ఉత్తర చైనాను షాంగ్ రాజవంశం పాలించింది. చనిపోయిన పెద్దలకు ఆహారం, మద్యం సమర్పించడానికి వారు కంచు పాత్రలు వాడేవారు. మాంసం వండే కాళ్ల పాత్ర పేరు ‘డింగ్’. పొడవాటి మద్యం పాత్ర ‘గు’. ఆన్‌యాంగ్‌లో 1939లో దొరికిన ఒక డింగ్ బరువు 830 కిలోలకు పైనే. అక్కడే 1976లో బయటపడిన ఒక సమాధిలో 460కి పైగా కంచు వస్తువులు ఉన్నాయి. పాత్రలపై పోతపోసిన పేరును బట్టే అది ఫు హావో రాణి సమాధి అని తెలిసింది.

ఏం కనిపిస్తోంది?

చాలా పాత్రలపై పొడుచుకొచ్చిన రెండు కళ్లు, కొమ్ములు, మధ్యలో నిలువుగా ముక్కు ఉంటాయి. మనవైపే చూస్తున్న మృగం ముఖం అది. ఇప్పుడు అరచేతితో బొమ్మను సగం మూయండి. మిగిలిన సగం పక్కకు తిరిగిన ఒక పూర్తి జంతువులా కనిపిస్తుంది. అంటే ఎదురెదురుగా నిలిచిన రెండు జంతువులు కలిసి ఒకే ముఖం అయ్యాయన్నమాట!

ఎలా చేశారు?

పిల్లలకు తెలిసిన మొహెంజొదారో నర్తకి బొమ్మను మైనం కరిగించి పోతపోసే పద్ధతిలో చేశారు. షాంగ్ పనివారి పద్ధతి వేరు. మట్టి నమూనా చుట్టూ తడిమట్టి అద్ది, దాన్ని ముక్కలుగా కోసి తీసి, కాల్చి, మళ్లీ జతచేసి అందులో కరిగిన లోహం పోసేవారు. చాలా పాత్రలపై కనిపించే నిలువు పట్టీలు ఆ ముక్కల అతుకుల మీదే ఉంటాయి. అలంకరణను కూడా ఆ భాగాలకు తగ్గట్టే పంచారు.

మరి పేరు?

ఈ ముఖాన్ని ‘తావోతియే’ అంటారు. అంటే తిండిపోతు రాక్షసి. కానీ షాంగ్ ప్రజలు పెట్టిన పేరు కాదిది. వారి పాలన ముగిసిన దాదాపు 800 ఏళ్లకు రాసిన ఒక గ్రంథంలో, పాత డింగ్‌ల మీది బొమ్మకు ఈ పేరు కనిపిస్తుంది. షాంగ్ కాలపు రాతలేవీ ఆ ముఖం ఏమిటో చెప్పవు. అది అర్థం కోసం వేసింది కాదు, అలంకరణ మాత్రమే అన్నారు కళాచరిత్రకారుడు మ్యాక్స్ లోహర్. పెద్దల లోకానికి దారి చూపే జంతువులు అన్నారు పురావస్తు శాస్త్రవేత్త కె.సి. చాంగ్. పేరు తెలిసినా ప్రశ్న అలాగే మిగిలింది.

ఇంట్లో చేసి చూడండి

పేరు చెప్పకుండా మీ చిన్నారికి ఒక పాత్ర ఫొటో చూపించండి. ఏం కనిపిస్తోంది? సగం మూస్తే ఏం మారింది? ఎందుకలా చేసి ఉంటారు? జవాబును సరిదిద్దకండి. “బొమ్మలో అది ఎక్కడుందో చూపించు” అని మాత్రం అడగండి. పిల్లలు వేలు పెట్టి చూపించగలిగితే ఈ నెల పాఠం వాళ్లకు వచ్చినట్టే.