మందులు మానేశాక నెల రోజులుగా విరేచనాలు

ప్రశ్న: మాది చొప్పదండి. తమ్ముడికి హెచ్‌ఐవీ ఉంది. మధ్యలో ఏఆర్‌టీ మందులు మానేశాడు. నెల నుంచి నీళ్ల విరేచనాలు. మల పరీక్షలో ఏమీ లేదన్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ మాటతో ఆగిపోకండి. మందులు మానేస్తే రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు తగ్గుతాయి. అవి 200 కంటే తగ్గినవారి పేగుల్లో క్రిప్టోస్పోరిడియం, సిస్టోఐసోస్పోరా అనే పరాన్నజీవులు తిష్ఠ వేస్తుంటాయి. మామూలు పరీక్షకు ఇవి తరచూ చిక్కవు. యాసిడ్ ఫాస్ట్ రంగు వేసి చూడమని అడగండి. వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇస్తే మేలు. రెండోది కోట్రైమోక్సజోల్‌కు లొంగుతుంది. మొదటిదానికి అంత గట్టి మందు లేదు, ఏఆర్‌టీతో రోగనిరోధక శక్తి కోలుకోవడమే అసలు చికిత్స. కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రానికి వెంటనే తీసుకెళ్లండి, మందులు ఉచితం. మందులు మానేసినందుకు అక్కడ తిడతారేమోనని చాలామంది వెనకాడతారు, అదే ముప్పు. ఈలోగా ఓఆర్‌ఎస్ తాగించండి. క్రిప్టోస్పోరిడియం క్లోరిన్‌కు తేలిగ్గా చావదు కాబట్టి నల్లా నీళ్లనైనా మరిగించి, చల్లార్చే ఇవ్వండి.