అతిథికి పడకగది: ముందుగా అమర్చవలసిన వసతులు

కాప్రా, నాచారము, ఉప్పల్ ఒకప్పుడు చెరువుల క్రింద సాగు చేసికొని జీవించిన గ్రామములు. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపింపబడిన పిదప కాప్రా ప్రాంతమునకు ఉద్యోగుల రాక హెచ్చినది. నాచారమున కర్మాగారములు వెలసినవి. 2007లో కాప్రా, ఉప్పల్ కలాన్ పురపాలక సంఘములు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమైనవి. కాప్రా చెరువు నేటికిని ఉన్నది గాని, దాని చుట్టును ఇండ్లే కానవచ్చుచున్నవి.

ఆ ఇండ్లలో పెరుగుచున్న పిల్లలకు నాగలిని, మగ్గమును, పాడిపశువును చూపవలెనన్నచో తల్లిదండ్రులు ఊరు దాటి పోవలసియున్నది. సెలవు దినములలో ఉప్పల్ కూడలి మీదుగా భువనగిరి కోటకు, యాదగిరిగుట్టకు, పోచంపల్లికి వెళ్లు కుటుంబములు అనేకము. పోచంపల్లి 1951 ఏప్రిల్ 18న భూదానోద్యమమునకు పుట్టినిల్లయినది. ఇక్కత్ నేతకు పేరుగాంచినది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దానిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎన్నుకొన్నది. ఇట్టి చోట్లకు వచ్చువారిలో కొందరు ఒక రాత్రి పల్లెలోనే నిదురించి పోగోరుదురు. ఇంటిలో ఒక గది ఖాళీగా ఉన్న గృహస్థునకు ఇది ఒక ఆదాయమార్గము. అయితే ఆ గదిలో ఏమేమి ఉంచవలెను, ఏవి మానవలెను అను ప్రశ్న వెంటనే పుట్టును. గృహస్థుడు సలహాకు మొదట వచ్చునది పంచాయతీ సభ్యుని యొద్దకే. కావున ఆ విషయమునే ఈ పాఠమున చర్చింతము.

ఎవరి ఇల్లు, ఎవరి గది

కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ గృహవసతి పథకము ననుసరించి, ఇట్టి ఇంటిలో 1 నుండి 6 వరకు గదులను, 12 పడకలకు మించకుండ, అతిథులకు ఇయ్యవచ్చును. యజమాని కుటుంబము అదే ఇంటిలో నివసించుచుండవలెను. వసతులను బట్టి వెండి, బంగారు అను రెండు తరగతులుగా ఇండ్లను గుర్తింతురు. 2025-26 కేంద్ర బడ్జెటులో ఇట్టి ఇండ్లకు ముద్రా ఋణములు ఇయ్యబడునని ప్రకటించిరి.

కుటుంబము ఇంటనుండవలెనను నియమమును సభ్యులు బాగుగా గమనింపవలెను. అతిథికి ఇచ్చు గది ఇంటివారికి అవసరము లేని గది కావలెను. వృద్ధురాలైన తల్లి మంచమును వసారాలోనికి జరిపి, చదువుకొను పిల్లను వంటయింటి మూలకు పంపి సంపాదించిన గది ఆ ఇంటికి మేలు చేయజాలదు. అట్లే గృహిణి సమ్మతి ముందుగా పొందవలెను. దుప్పట్లు ఉతుకుట, గది ఊడ్చుట, వేళకు వండుట అనునవి చాలవరకు ఆమె మీదనే పడును గదా.

అప్పు చేసి అలంకరింపరాదు

ఒక లెక్క వేసి చూతము. ఒక గృహస్థుడు రాత్రికి 1,000 రూపాయల చొప్పున నెలకు 6 రాత్రులు గది ఇచ్చెననుకొందము. వచ్చునది 6,000 రూపాయలు. భోజనమునకు, ఉతుకునకు, విద్యుత్తునకు 2,500 పోగా 3,500 మిగులును. అతడు శీతల యంత్రము, పెద్ద టెలివిజను, మెత్తని సోఫా అప్పుపై కొని నెలకు 4,000 రూపాయల వాయిదా కట్టవలసియున్నచో, అతిథి వచ్చిన ప్రతి నెలయు 500 రూపాయలు తన చేతినుండియే పోవును. అతిథి రాని నెలలో వాయిదా మొత్తము పంటడబ్బు నుండియో, మగ్గము కూలి నుండియో తీయవలెను. వసతుల జాబితా వ్రాయునపుడు ఈ లెక్కను ప్రక్కన ఉంచుకొనవలెను.

ముందుగా నిద్ర

అతిథి గదిలో గడపు కాలములో అధికభాగము నిద్రయే. కనుక మొదటి రూపాయి పడకపై పెట్టవలెను. కుక్కి పడని మంచము, గట్టిదైన దూది పరుపు కావలెను. దూది ఉండలు కట్టినచో ఏకించి మరల కుట్టింపవలెను. వీలైనపుడెల్ల ఎండలో వేయవలెను. నులక మంచము వాకిట వెన్నెలలో పరుండుటకు సుఖమే గాని, దాని అల్లికలలో నల్లులు దాగును. గదిలోనికి ఇనుప మంచమో, చెక్క మంచమో మేలు. ప్రతి అతిథి వెళ్లిన పిదప పరుపు కుట్ల వెంబడి నల్లులు కలవేమో చూడవలెను.

ఒక్కొక్క పడకకు దుప్పట్లు, దిండు గలీబులు మూడు జతలు ఉండవలెను. ఒకటి పడకపైన, ఒకటి ఉతుకులో, ఒకటి అలమరలో. రెండు పడకలకు ఆరు జతలు. వానకాలమున దుప్పట్లు ఆరుట ఆలస్యమగును గనుక మూడవ జత అత్యవసరము. చేనేత దుప్పట్లు వాడినచో ఊరి నేతగానికి పని కలుగును. అట్టివి కొనగోరు అతిథియు ఉండవచ్చును.

దోమతెర రెండవది. చిరుగులేని తెరను పరుపు క్రిందికి మడచుటకు చాలినంత పొడవుగా కుట్టింపవలెను. కిటికీలకు జాలి బిగింపవలెను. డెంగీ దోమ పగటివేళ కుట్టును. మూతలేని తొట్లలోని నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టును. కావున తెరతోపాటు తొట్టికి మూతయు వసతిలో భాగమే.

గాలి, వెలుతురు, విద్యుత్తు

పంకా తప్పక ఉండవలెను. మంచముపై నుండి అందునట్లు దీపపు స్విచ్చి, మంచము ప్రక్కన సెల్‌ఫోను చార్జింగునకు ఒక ప్లగ్గు, కరెంటు పోయినపుడు వెలుగుటకు ఒక టార్చిలైటు చాలును. తీగలు బయటికి వ్రేలాడరాదు. ఎర్తు కనెక్షను ఉండవలెను. విద్యుత్తు దారి తప్పి కారినచో వెంటనే ప్రవాహమును నిలుపు ఇ.ఎల్.సి.బి. స్విచ్చి అమర్చవలెను. తడిచేతితో స్విచ్చి తాకు పిల్లవాని ప్రాణమును అది కాపాడును.

శీతల యంత్రము తప్పని మేము చెప్పము. ఏప్రిల్, మే నెలలలో మన ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటును. అయినను ఒక టన్ను యంత్రము గంటకు సుమారు ఒక యూనిట్ విద్యుత్తును వాడును. మిద్దెపై తెల్లసున్నము పూసి, కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి, చలికాలమున అతిథులను ఎక్కువగా ఆహ్వానించుచు ఒక సంవత్సరము గడపవలెను. ఆ సంవత్సరపు మిగులుతో యంత్రమును కొనవచ్చును.

ఒక హెచ్చరిక. చలిరాత్రి మూసిన గదిలో నిప్పుల కుంపటి ఉంచరాదు. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు వాయువునకు వాసన లేదు. నిద్రించువారు మేల్కొనకయే మరణింతురు. గాలి ఆడని స్నానపుగదిలో గ్యాసు గీజరు పెట్టుటయు ఇట్టిదే. అదనముగా ఒక రగ్గు ఇచ్చినచో కుంపటి అవసరము తీరును.

తలుపు, నీరు, మరుగుదొడ్డి

తలుపునకు లోపల గట్టి గడియ, వెలుపల తాళము, కిటికీలకు తెరలు ఉండవలెను. కొత్త ఊరిలో నిద్రించు స్త్రీకి గడియ ఇచ్చు ధైర్యమును సోఫా ఇయ్యజాలదు. గది తాళపుచెవి ఒకటి అతిథి చేతికి ఇయ్యవలెను. అతిథి లోపలనుండగా పిలిచి, సమాధానము వచ్చిన పిమ్మటనే లోనికి పోవలెను.

కాచి చల్లార్చిన నీరు మూతగల కూజాలో, రెండు గ్లాసులతో ఉంచవలెను. బట్టలు తగిలించుటకు గోడకు నాలుగు కొక్కెములు, ఒక అద్దము, ఒక కుర్చీ, ఒక చెత్తబుట్ట ఉన్నచో గది నిండినట్లే. మరుగుదొడ్డి గదికి ఆనుకొని ఉన్నచో మంచిది. పెరటిలో ఉన్నచో దారి పొడవున దీపము వెలుగవలెను. మోకాళ్ల నొప్పి గల వృద్ధులకు కూర్చుండు కమోడు అవసరము. వేడినీటికి గీజరు లేకున్నను కట్టెల బాయిలరు చాలును. ఆ నీరు ఎన్నిగంటలకు లభించునో ముందుగా చెప్పవలెను.

పంచాయతీ చేయదగినది

గది లోపలి వసతి గృహస్థునిది. గది వెలుపలి వసతి పంచాయతీది. మురుగుకాలువ కంపు కొట్టు వీధిలో పట్టు దుప్పటి పరచినను నిద్ర రాదు. వీధిదీపములు వెలుగుట, కుళాయి నీరు వేళకు వచ్చుట, చెత్త తీయుట అను మూడు పనులు పంచాయతీ చూడవలెను. దుప్పట్లు ఉతుకు పనిని ఊరిలోని స్వయం సహాయక సంఘమునకు అప్పగించినచో గృహిణికి శ్రమ తగ్గును, పలువురికి కూలి దొరకును. అతిథుల పేర్లు, చిరునామాలు వ్రాయు పుస్తకము ప్రతి ఇంటనుండవలెను. విదేశీయులు బస చేసినచో వారి వివరములను 24 గంటలలోగా అధికారులకు తెలుపవలెనని గృహస్థునకు గుర్తుచేయవలెను.

కడపట ఒక సులభమైన పరీక్ష కలదు. గది సిద్ధమైన పిదప, అతిథిని పిలువకముందు, గృహస్థుడును గృహిణియు ఆ గదిలో ఒక రాత్రి నిద్రింపవలెను. ఏ దోమ కుట్టినది, ఏ స్విచ్చి అందలేదు, అర్ధరాత్రి దాహమునకు నీరు దొరికినదా, పెరటి దారిలో కాలు తడబడినదా అని తెల్లవారి ఒక కాగితముపై వ్రాసికొనవలెను. కొనవలసిన వస్తువుల నిజమైన జాబితా అదియే. మీ గ్రామమున ఎవరైన సలహాకు వచ్చినపుడు, దుకాణమునకు పోవుటకు ముందు ఈ ఒక్క రాత్రిని గడిపి రమ్మని చెప్పుడు.