రాజ్మా టిన్ను: కడిగితే సగం పని అయినట్టే



రాత్రి రాజ్మా నానబెట్టడం మరిచిపోయారు, పొద్దున్నే స్కూల్ బస్సు. అలాంటి రోజున ఇంట్లో రాజ్మా టిన్ను ఒకటి ఉంటే అక్కరకొస్తుంది. "డబ్బాలో తిండి పిల్లలకు పెట్టొచ్చా?" అని చాలామంది సందేహిస్తారు. పెట్టొచ్చు. టిన్నుకు సీలు వేశాక గింజలను బాగా ఎక్కువ వేడిలో ఉడికిస్తారు, కాబట్టి అవి తినడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఉడికిన రాజ్మా 100 గ్రాముల్లో సుమారు 8 గ్రాముల ప్రొటీన్, 6 గ్రాముల పీచు ఉంటాయి. ఇనుము, ఫోలేట్ అదనం.

అసలు జాగ్రత్త పడాల్సింది ఎండు రాజ్మాతోనే. పచ్చి గింజల్లో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లించాలి. ప్రెషర్ కుక్కర్ అయితే ఇంకా మేలు. సన్నని సెగ మీద ఉడికించే స్లో కుక్కర్ మాత్రం దీనికి పనికిరాదు. వేడి చాలకపోతే ఆ విషం పోదు సరికదా, పెరగవచ్చు కూడా.

టిన్నుతో ఉన్న చిక్కు ఉప్పు. గింజలను జల్లెడలో వంపి, కుళాయి కింద బాగా కడిగితే సోడియం దాదాపు 40 శాతం తగ్గుతుంది. లేబుల్ మీద సోడియం ఎంతో చూసి కొనండి. టమాటా సాస్‌లో వచ్చే బేక్డ్ బీన్స్‌లో చక్కెర కూడా కలుపుతారు. అది వేరే సరుకు.

400 గ్రాముల టిన్నులో నీళ్లు పోగా సుమారు 240 గ్రాముల గింజలు వస్తాయి, ఇద్దరు పిల్లల లంచ్ బాక్సులకు సరిపోతాయి. జీలకర్ర తాలింపులో ఉల్లి, అల్లం వెల్లుల్లి ముద్ద, టమాటా మగ్గించి, కడిగిన గింజలు వేసి పది నిమిషాలు ఉంచితే చాలు. ఉప్పు రుచి చూశాకే వేయండి. దించాక నిమ్మరసం పిండండి. అందులోని విటమిన్ సి వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతో పాటే టీ ఇచ్చే అలవాటుంటే మానిపించండి, అది ఇనుమును అడ్డుకుంటుంది. పీచు అలవాటు లేని పిల్లలకు మొదట రెండు మూడు చెంచాలే పెట్టండి, లేకుంటే క్లాసులో కడుపు ఉబ్బరంతో కూర్చోవాల్సి వస్తుంది.

మిగిలిన గింజలను టిన్నులోనే ఉంచకుండా స్టీలు డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో వాడేయండి. ఉబ్బిన టిన్ను, కారుతున్న టిన్ను అయితే రుచి కూడా చూడకుండా పారేయండి.