మన దుకాణంలో పనిచేసేవారు: ముందు హక్కు, తర్వాత ఉపకారం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్‌కు మేము అప్పుడప్పుడు వెళుతుంటాము. 1888లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈ సంస్థ, చేతిరాత ప్రతులుగా మిగిలిపోయిన ఎన్నో అరబీ గ్రంథాలను పరిష్కరించి అచ్చువేసింది. తిరుగుదారిలో, మా కాగితాలకు నకళ్లు తీయించుకోవడానికి తార్నాకలోని ఒక జిరాక్స్ షాపు దగ్గర ఆగుతాము. రెండు మిషన్లు, ఒక కంప్యూటరు, వెనుక బైండింగు బల్ల, నలుగురు కుర్రాళ్లు. యజమాని అయిదు పూటలా నమాజు చేసే మనిషి, చేయి ఉదారమైనది.

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఆయన మమ్మల్ని పక్కకు పిలిచారు.

"మౌలానా సాబ్, రెండేళ్లు కొడుకులా చూసుకున్నాను. మా ఇంట్లో వండిందే తిన్నాడు. పండక్కి బట్టలు కుట్టించాను. థీసిస్‌ల సీజన్లో, షాపు ముందు విద్యార్థులు వరుసకట్టిన రోజుల్లో, చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇప్పుడు తండ్రిని వెంటబెట్టుకొచ్చి జీతం బాకీ అడుగుతున్నాడు. నేను ఇవ్వాలా?"

ఆ కుర్రాడు నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చినవాడు. ముస్లిం కాదు. ఆయన బాధ చూసి మేము కూడా, "సబర్ చేయండి భాయ్, కృతజ్ఞత లేని కాలం ఇది" అనేశాము. కాని ఆ రాత్రి మనసు ఊరుకోలేదు. ఇద్దరి మధ్య తీర్పు చెప్పవలసి వస్తే రెండోవారి మాట వినేదాకా చెప్పవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)కి బోధించారు. మేము ఒక వైపు మాటే విని తీర్పు చెప్పేశాము.

మర్నాడు షాపుకు వెళ్లి నాలుగు ప్రశ్నలు అడిగాము. జీతం ఎంత అనుకున్నారు? "పని చూసి ఇస్తానన్నాను." ప్రతి నెలా ఒకేలా ఇచ్చారా? "గిరాకీని బట్టి." కోత పెట్టారా? "మిషన్ డ్రమ్ము పాడుచేస్తే రెండు నెలలు కొంచెం పట్టుకున్నాను." బాకీ ఎంత? "ఒక నెల జీతం ఎప్పుడూ నా దగ్గరే ఉంచుతాను, లేకపోతే పారిపోతారు. దానిపైన ఈ నెలలో పనిచేసిన రోజులు."

సోదరులారా! ఈ నాలుగు జవాబులూ మన బజారుల్లో రోజూ వినబడేవే. అందుకే ఈ నెల పాఠం వీటి గురించే.

జీతం ముందే తెలిసి ఉండాలి

షరీఅత్‌లో కూలికి పెట్టుకోవడాన్ని ఇజారా అంటారు. అది దయతో ఇచ్చే ఆశ్రయం కాదు, ఒప్పందం. అమ్మకంలో ధర తెలియాలన్నట్లే ఇందులో పని, సమయం, ప్రతిఫలం మూడూ ఇరుపక్షాలకూ తెలియాలి. ఎవరినైనా పనికి పెట్టుకునేవాడు అతని కూలి ఎంతో ముందే తెలియజేయాలనే ఉల్లేఖనం ఇమామ్ బైహఖీ గారి అస్సుననుల్ కుబ్రాలో ఉంది. ఆ మహాగ్రంథాన్ని పది సంపుటాలుగా అచ్చువేసింది ఈ దాయిరతుల్ మఆరిఫే! మన ఊరి అచ్చుయంత్రం ప్రపంచానికి అందించిన మాట మన ఊరి దుకాణంలోనే అమలు కాకపోతే ఎంత విచారకరం! ఆ ఉల్లేఖన పరంపరపై హదీసువేత్తల మధ్య చర్చ ఉన్నా, ప్రతిఫలం తెలిసి ఉండాలన్నది ఫిఖ్హ్ పండితులు అంగీకరించిన నియమం.

దివ్యఖుర్ఆన్‌లోని ఖసస్ సూరాలో మూసా (అ) మద్‌యన్‌కు చేరిన ఘట్టం చూడండి. ఆ పెద్దాయన కుమార్తె, పనికి పెట్టుకోదగినవాడు బలమూ నమ్మకమూ ఉన్నవాడేనని తండ్రికి సూచించింది. పెద్దాయన ఎనిమిదేళ్ల గడువు చెప్పారు. పదేళ్లు పూర్తిచేయడం మూసా (అ) ఇష్టానికి వదిలారు. కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదని కూడా స్పష్టం చేశారు. అది వివాహంతో ముడిపడిన ఒప్పందమే. అయినా ఇంటి అల్లుడు కాబోయేవాడితో కూడా గడువు విప్పి చెప్పుకున్నారు! మనం మాత్రం "ఘర్ కా బచ్చా" అనే ఒక్క మాటతో లెక్కలన్నీ దాటవేస్తున్నాము.

మరి జీతం అనుకోకుండా పని చేయించుకుంటే? హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఆ ఒప్పందం చెడిపోయినదే, కాని పనిచేసినవాడి హక్కు పోదు. అలాంటి పనికి ఆ బజారులో ఎంత ఇస్తారో అంత చెల్లించాలి. దీన్నే ఉజ్రతె మిస్ల్ అంటారు. "నేను అనుకోలేదు కాబట్టి నాకు తోచినంత" అనేందుకు వీలు లేదు.

మిషన్ చెడితే ఎవరి నష్టం?

పనివారిని ఫిఖ్హ్ పండితులు రెండు రకాలుగా చెప్పారు. దర్జీలా పది మంది పని పట్టుకొని పనికింత అని తీసుకునేవాడు అజీరె ముష్తరక్. ఒకే యజమానికి తన సమయాన్ని అప్పగించేవాడు అజీరె ఖాస్. మన షాపుల్లో నెలజీతం మీద ఉండేవారు ఈ రెండో రకం.

అజీరె ఖాస్ తన సమయాన్ని ఇచ్చి హాజరైతే చాలు, జీతానికి హక్కుదారుడవుతాడు. కరెంటు పోయినా, గిరాకీ రాకపోయినా, విశ్వవిద్యాలయానికి సెలవులిచ్చి వీధి ఖాళీగా ఉన్నా, షాపు తెరిచి అతణ్ణి కూర్చోబెట్టుకున్నంత కాలం జీతం నడుస్తుంది. అలాగే అతని చేతిలోని వస్తువు అమానతు. కావాలని పాడుచేస్తేనో, చెప్పినదానికి విరుద్ధంగా నిర్లక్ష్యం చేస్తేనో తప్ప, పనిలో జరిగిన నష్టానికి అతడు బాధ్యుడు కాడు. రోజుకు వేల కాగితాలు తిరిగే మిషన్‌లో డ్రమ్ము అరగడం వ్యాపారపు ఖర్చు. లాభం వచ్చిన నెలలో వాటా ఇవ్వని మనం, నష్టం వచ్చిన నెలలో మాత్రం కుర్రాణ్ణి భాగస్వామిని చేయడం ఏ న్యాయం? తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని దివ్యఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరాలో హెచ్చరించింది. ఆ తరాజు కిరాణా షాపులోనే ఉంటుందని అనుకోకండి.

ఆలస్యం కూడా అన్యాయమే

శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమని ప్రవక్త (స) బోధించారు. పూర్తిగా పని చేయించుకొని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని బుఖారీ ఉల్లేఖనంలో ఉంది. కుర్రాడి తరఫున వచ్చిన తండ్రిని మనం గుమ్మం నుంచే పంపించగలం. ఆ రోజు ఎవరిని పంపించగలం?

పారిపోతాడనే భయంతో ఒక నెల జీతం పట్టి ఉంచడం మనిషిని తాకట్టు పెట్టుకోవడమే. దేశ చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ (2019) ప్రకారం నెలజీతాన్ని తరువాతి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలి. మానేసినవాడికైనా, తీసివేసినవాడికైనా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం చిన్న దుకాణానికి కూడా వర్తిస్తుంది. 14 ఏళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. ఇవి హక్కుకు కనీసపు గీత మాత్రమే. విశ్వాసి ఆ గీత కిందికి దిగకూడదు.

గుహలో చిక్కుకున్న ముగ్గురి వృత్తాంతం మీకు తెలిసిందే. వారిలో మూడోవాడు యజమాని. ఒక కూలివాడు తన కూలి ధాన్యాన్ని వదిలి వెళ్లిపోయాడు. యజమాని దాన్ని విత్తి పెంచాడు. ఆ సంపదతో పశువుల మంద, దాన్ని కాచేవాడు ఏర్పడ్డాయి. ఏళ్ల తర్వాత కూలివాడు తిరిగివచ్చి తన కొద్దిపాటి ధాన్యం అడిగితే మందనంతా అప్పగించాడు. అతడు పరిహాసమేమో అనుకున్నాడు! గుహకు అడ్డుపడిన బండ తొలగడానికి ఆ యజమాని అల్లాహ్ ముందు పెట్టుకున్న ఆచరణ ఇదే. చెప్పకుండా వెళ్లిపోయినవాడి హక్కు కూడా వెళ్లిపోదని దీన్నిబట్టి గ్రహించాలి.

ఉపకారం హక్కుకు బదులు కాదు

భోజనం, బట్టలు, ఈదీ ఇవన్నీ పుణ్యకార్యాలే. కాని జీతం బాకీ పెట్టుకొని ఇచ్చే ఈదీ, అప్పు తీర్చకుండా చేసే దానం లాంటిది. కొందరు పేద పనివారికి రమజానులో జకాత్ ఇచ్చి దాన్ని జీతంలోనో బోనస్‌లోనో కలుపుకుంటారు. ఇది చెల్లదు. జకాత్ పనికి ప్రతిఫలంగా ఇచ్చేది కాదు. అలా ఇస్తే జకాత్ బాధ్యత మన మీద అలాగే మిగిలిపోతుంది.

హక్కు తీరిన తర్వాత ఉపకారానికి హద్దు లేదు. మన చేతికింద ఉన్నవారు మన సోదరులనీ, మనం తినేదే వారికి పెట్టాలనీ, మోయలేని భారం వేయరాదనీ, వేయవలసి వస్తే మనమూ చేయి కలపాలనీ ప్రవక్త (స) అబూజర్ (రజి)కి ఉపదేశించారు. ఆ ఉపదేశానికి కారణమేమిటి? అబూజర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరు ఎత్తి కించపరిచారు. మందలింపు అందుకున్న తర్వాత ఆయన తన సేవకుడికి తనలాంటి దుస్తులే తొడిగించేవారు. గల్లా దగ్గర కూర్చొని పనివారి తల్లులను తిట్టే అలవాటు ఉన్నవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

అనస్ (రజి) పదేళ్లు ప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా విసుగుమాట వినలేదు. ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అన్న నిలదీత కూడా ఎదురుకాలేదు. అలాగని పని నేర్పవద్దని కాదు. తప్పు చేస్తే గిరాకీల ముందు కాక పక్కకు పిలిచి చెప్పండి. "ఛోటూ" అని కాక పేరు పెట్టి పిలవండి. పని ఒత్తిడి ఉన్న రోజు మీరూ బల్ల దగ్గర నిలబడండి. ప్రవక్త (స) స్వయంగా మక్కావాసుల గొర్రెలను కూలికి కాచినవారు. కూలివాడి స్థానం ఏమిటో ఆయనకు తెలుసు.

ఆ కుర్రాడు ముస్లిం కాడు కదా అని కొందరు అడగవచ్చు. హిజ్రత్ ప్రయాణంలో ప్రవక్త (స) దారి చూపడానికి కూలికి కుదుర్చుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాడు. ఒంటెలను అతనికే అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరకు రమ్మని గడువు చెప్పారు. నమ్మకానికీ, కూలికీ మతం అడ్డు రాలేదు.

మా మాట

ఈ సంగతులన్నీ చెప్పినప్పుడు ఆ యజమాని మౌనంగా విన్నారు. తర్వాత ఒక మాట అడిగారు: "మౌలానా సాబ్, మన మస్జిద్ ముఅజ్జిన్ గారికి జీతం ప్రతినెలా సమయానికి అందుతోందా?" మా తల వంగింది. చందాలు వసూలయ్యాక ఇవ్వడమే అక్కడి ఆనవాయితీ. ఆయన కూడా అజీరే, ఆయన ఇంట్లోనూ ఒకటో తేదీ వస్తుంది. ఆ వారమే మస్జిద్ కమిటీ ముందు ఈ విషయం పెట్టాము. ఇప్పుడు ముందు జీతం పక్కన పెట్టి, మిగిలినదాంతోనే తక్కిన ఖర్చులు చూస్తున్నారు.

షాపు యజమాని ఆ కుర్రాడి ఊరికి వెళ్లి, పట్టి ఉంచిన నెల జీతం, పనిచేసిన రోజుల కూలి, డ్రమ్ము పేరుతో కోసిన సొమ్ము చెల్లించి వచ్చారు. చెప్పకుండా వెళ్లి సీజన్లో ఇబ్బంది పెట్టడం నీ తప్పేనని కూడా అతనికి చెప్పారట. అదీ న్యాయమే, ఒప్పందం ఇద్దరినీ కట్టివేస్తుంది. కుర్రాడు తిరిగి రాలేదు. మిగిలిన ముగ్గురి పేర్లతో మాత్రం గల్లాలో ఒక నోటు పుస్తకం చేరింది. జీతం ఎంత, పనివేళలు ఏవి, వారపు సెలవు ఎప్పుడు, ఇచ్చిన తేదీ ఏది అన్నీ అందులో ఉన్నాయి. ఎదురుగా వారి సంతకాలు ఉన్నాయి.

మీ దుకాణంలో అలాంటి పుస్తకం ఉందా? లేకపోతే ఈ రాత్రి ఇషా నమాజు తర్వాత మొదలుపెట్టండి. మొదటి పేజీలో పాత బాకీలు రాయండి. పరలోకంలో మన ఖాతా తెరవకముందే ఇక్కడ మన ఖాతాలు సరిచేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.