వర్చువల్ రౌటర్ వలస – విద్యుత్ పొదుపు



గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఫ్యాను, లైటు ఆపాలని మనందరికీ తెలుసు. మరి మనకు నెట్ మోసుకొచ్చే యంత్రాలను పని తక్కువగా ఉన్న వేళల్లో ఎందుకు ఆపరు? మేము ఎం.టెక్.లో చదువుకున్న పాఠాల్లో ఈ ప్రశ్నకు చక్కని జవాబు ఉంది. దానిని మీతో పంచుకుంటున్నాం.

రౌటర్ అంటే ఏమిటి?

మనం పంపే సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి ప్రయాణిస్తుంది. ఏ ప్యాకెట్ ఏ దారిన పోవాలో ప్రతి కూడలిలోనూ నిర్ణయించేది రౌటర్. పని తగ్గినా దీనికయ్యే కరెంటు పెద్దగా తగ్గదు. 2000వ సంవత్సరంలో ఒక్క అమెరికాలోనే రౌటర్లు సుమారు 110 కోట్ల యూనిట్లు వాడాయని ఒక అంచనా. పని లేని పరికరాలను నిద్రపుచ్చవచ్చునని 2003లో మారుతి గుప్తా, సురేష్ సింగ్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. కాని రౌటర్‌ను ఉన్నట్టుండి ఆపితే దాని మీదుగా పోయే దారులు తెగిపోతాయి. పక్క రౌటర్లు కొత్త దారి వెతుక్కునేలోగా కొన్ని ప్యాకెట్లు పోతాయి.

మామిడి తోటల ఉదాహరణ

మన నూజివీడు ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో బంగినపల్లి, రసాలు కోతకొస్తే నున్న మార్కెట్‌కు బండ్లు నిండుగా పోతాయి. సీజన్ చివర కాయ తగ్గుతుంది. అప్పుడు సగం ఖాళీగా రెండు బండ్లు తిప్పే బదులు రెండు తోటల కాయా ఒకే బండిలో ఎక్కిస్తే ఒక బండి డీజిలు మిగులుతుంది. ఎవరి కాయ వారిదే, ఎవరి లెక్క వారిదే. బండి మాత్రమే ఒకటి.

వర్చువల్ రౌటర్ కూడా అంతే. రౌటర్ పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను పెట్టె నుంచి వేరు చేస్తే, ఒకే పెట్టెలో రెండు మూడు రౌటర్లు దేని దారుల పట్టిక దానిదిగా నడుస్తాయి.

వలస ఎలా జరుగుతుంది?

మన నూజివీడులో ట్రిపుల్ ఐటీ మొదలైన 2008లోనే, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన యీ వాంగ్, ఎరిక్ కెల్లర్, జెన్నిఫర్ రెక్స్‌ఫర్డ్ తదితరులు సియాటిల్‌లోని సిగ్‌కామ్ సదస్సులో ‘వ్రూమ్’ అనే పద్ధతిని వివరించారు.

1. పాత పెట్టె ప్యాకెట్లు పంపుతూ ఉండగానే రౌటర్ ‘మెదడు’ను కొత్త పెట్టెలోకి కాపీ చేస్తారు.
2. కొత్త పెట్టెలో దారుల పట్టిక మళ్ళీ తయారవుతుంది.
3. కొంతసేపు రెండు పెట్టెలూ పనిచేస్తాయి. ఈలోగా లైన్లను ఒక్కొక్కటిగా మారుస్తారు.
4. అన్నీ మారాక పాత పెట్టెను ఆపేస్తారు.

చిరునామా మారదు కనుక పక్క రౌటర్లకు వలస సంగతే తెలియదు. పని పెరిగే వేళకు ముందే పెట్టెను లేపి, రౌటర్‌ను వెనక్కి తెస్తారు.

ఒక చిన్న లెక్క

200 వాట్ల పెట్టెను రోజుకు 8 గంటలు ఆపామనుకుందాం. రోజుకు 1.6 యూనిట్లు, ఏడాదికి 584 యూనిట్లు మిగులుతాయి. ఏసీ ఖర్చులో తగ్గేది దీనికి అదనం.

మన ఊళ్ళకు పనికొస్తుందా?

2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్, కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగింది. పల్లె చివర ఒకే లైను, ఒకే పెట్టె ఉన్నచోట వలసకు తావు లేదు. అక్కడ పెట్టె ఆపితే అది పొదుపు కాదు, నెట్ కోతే. కనుక పొదుపు చేయవలసింది పెట్టెలు పక్కపక్కన ఉండే పెద్ద కేంద్రాల్లో. అక్కడా అన్నిటినీ ఒకే పెట్టెలోకి నింపకూడదు. అది చెడిపోతే అందరికీ నెట్ పోతుంది.

మరొక సంగతి. ఆఫీసుల్లో రాత్రి పని తగ్గుతుంది. కాని హాస్టల్ పిల్లలు పాఠం వీడియో చూసేదీ, స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపేదీ రాత్రే. ఏ వేళలో ఎంత వాడుతున్నారో కొలిచాకే నిద్ర వేళను నిర్ణయించాలి. చివరి ఇంటి విద్యార్థికి నెట్ ఆగకుండా మిగిల్చిన కరెంటే నిజమైన పొదుపు.

వ్రూమ్ ప్రయోగంలో వాడిన ‘క్వాగా’ ఉచిత సాఫ్ట్‌వేరే. దాని నుంచి పుట్టిన ‘ఎఫ్ఆర్ రౌటింగ్’ నేడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. లైనెక్స్ ఉన్న రెండు మూడు పాత కంప్యూటర్లుంటే చాలు, దారుల పట్టికలు ఎలా తయారవుతాయో మీరే చూడవచ్చు. మన ఇళ్ళలో కంప్యూటర్ చదువు మనతోనే మొదలైంది. ఈ విద్యను మీరు ఇంకా ముందుకు తీసుకుపోవాలని కోరుకుంటున్నాం.