నరాల నొప్పికి రహస్య చూర్ణాలా?

పిరుదు నుండి పాదం వరకు లాగే నొప్పిని చరకసంహిత గృధ్రసి అన్నది. మధుమేహ రోగి అరికాళ్ల మంట వేరు, బి12 లోపం వలన కలిగే తిమ్మిరి వేరు. గురుకులంలో మాకు ఔషధం కంటె ముందు నేర్పినది నిదానం. కారణం విచారించక అందరికీ ఒకే పొట్లం కట్టేవాడు వైద్యుడు కాడు.

దినుసుల పేర్లు లేని చూర్ణం రెండు రోజులలో నొప్పిని మాయం చేసినచో సంతోషించకండి, అనుమానించండి. ఇటువంటి పొట్లాలలో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు పలుమార్లు బయటపడినవి. వాటివలన ముఖం ఉబ్బుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. చాలాకాలం వాడినవారు హఠాత్తుగా మానుట కూడా ప్రమాదమే. మిగిలిన పొట్లం వెంట తీసుకొని డాక్టరును కలవండి. నాడీమండల వ్యాధులను నయం చేస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించినది. అయినను గోడల నిండా అవే రాతలు!

వావిలాకు కాపడం నడుముకు హాయినిస్తుంది, నేనూ చెబుతుంటాను. నరంపై ఒత్తిడిని అది తొలగించదు. మధుమేహులు పాదాలకు కాపడం పెట్టరాదు. స్పర్శ లేని పాదం కాలినా తెలియదు, పుండు పడిన తరువాతనే చూస్తారు.

నొప్పితోపాటు మూత్రం బిగిసినా, మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా నా వంటి వారి వద్దకు కూడా రావద్దు. ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళండి.