చేతిలోని కాయలన్నీ పనివల్లనేనా?



అమీన్‌పూర్, పటాన్‌చెరు ప్రాంతాల్లో కర్మాగారాలకు వెళ్ళేవారి చేతులు కాయలు కాయడం సహజమే. అయితే ఒత్తిడి పడనిచోట కూడా అరచేతుల్లో, అరికాళ్ళలో గింజల్లాంటి గట్టి కాయలు లేచినా, ఛాతీమీద నల్లబారిన చర్మంపై చినుకులు పడ్డట్టు తెల్లచుక్కలు కనిపించినా అనుమానించాలి. పెద్దలు పాషాణమనే ఆర్సెనిక్ తాగునీటితో ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే ఇలా అవుతుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నదని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు 2001లో వెల్లడించారు. మట్టిలోనిది బోరునీటిలోకి దిగవచ్చు.

ఇలాంటివారికి కొన్నేళ్ళకు బోవెన్ వ్యాధి రావచ్చు. 1912లో అమెరికా వైద్యుడు బోవెన్ వర్ణించిన ఈ జబ్బు చర్మపు పైపొరకే పరిమితమైన తొలిదశ క్యాన్సర్. ఎండ తగలని చోట కూడా తామరలా ఎర్రగా, పొలుసులతో వస్తుంది. సాధారణంగా నొప్పి ఉండదు. అందుకే తామర మందు రాస్తూ నెలలు గడిపేస్తారు. ఈ దశలోనే తీసివేస్తే నయమవుతుంది. ఆలస్యమైతే లోపలికి పాకవచ్చు.

నెలరోజుల మందుకు తగ్గని మచ్చను చర్మవైద్యులకు చూపండి. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే సంగతి తేలిపోతుంది. బోరునీరు తాగేవారు నీటిని పరీక్ష చేయించండి. ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదు. నీరు మరిగించినా అది పోదని మరువకండి.